నాస్కార్‌లో కారెవరిది, సీటెవరిది, కారు మీద పేరెవరిది?

హైదరాబాద్ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "డెనీ హామ్లిన్ 23ఎలెవన్ జట్టుకు ఓనరట. కానీ తను వేరే జట్టు కారు నడుపుతాడు. కాన్సస్ రేసులో చివరి ల్యాప్‌లో సొంత జట్టు కారునే గోడకు నెట్టాడు. ఇదేం పద్ధతి? అసలు ఓనర్‌కూ డ్రైవర్‌కూ స్పాన్సర్‌కూ మధ్య డబ్బు ఎలా తిరుగుతుంది? చాంపియన్ అయిన జట్టు మరుసటి ఏడాదికే మూతపడిందని చదివాను, నిజమేనా? మనవాళ్లు అక్కడికి వెళ్లే దారి ఏమైనా ఉందా?"

నాలుగు ప్రశ్నలకూ కలిపే చెప్తాను. నాస్కార్ అంటే అమెరికాలో స్టాక్ కార్ల రేసులు నడిపే సంస్థ, ఆ రేసులనూ అదే పేరుతో పిలుస్తారు. ఈ ఆటలో కారు ఒకరిది, సీటు ఇంకొకరిది, కారు మీద పేరు మూడోవాడిది. ఏది ఎవరి చేతిలో ఉందో చూసుకుంటే మిగతా తికమక చాలావరకు పోతుంది.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. నార్త్ కరోలినాలో షార్లెట్ పక్కన కాంకర్డ్‌లో ఉంటాను. సాఫ్ట్‌వేర్ పని మీద వచ్చి, తర్వాత పదకొండేళ్లు స్పాన్సర్ కంపెనీలకు లెక్కలు కట్టిచ్చే ఏజెన్సీలో చేశాను. టీవీ ప్రసారంలో ఫలానా లోగో ఎన్ని సెకన్లు కనబడింది, కామెంటేటర్ ఆ పేరు ఎన్నిసార్లు పలికాడు, అదే సమయానికి ప్రకటన కొనుక్కుంటే ఎంతయ్యేది, ఇదీ మా పని. కాబట్టి నేను చెప్పేదాంట్లో స్పాన్సర్ వైపు మొగ్గు కాస్త ఉంటుంది, చూసుకోండి.

కాన్సస్ సంగతి. 2025 సెప్టెంబర్ 28న హామ్లిన్ నడిపింది జో గిబ్స్ రేసింగ్ వాళ్ల 11వ నంబరు కారు. అతనికి డబ్బిచ్చేది గిబ్స్. చివరి ల్యాప్‌లో ముందున్న బుబ్బా వాలెస్‌ది 23వ నంబరు కారు, దాని ఓనర్లు బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్, హామ్లిన్. హామ్లిన్ వేగం తగ్గించకుండా లోపలి నుంచి దూసుకొచ్చాడు, వాలెస్ గోడకు తగిలాడు, సందు దొరికిన చేజ్ ఎలియట్ గెలిచాడు. హామ్లిన్ రెండో స్థానం, వాలెస్ ఐదు. చూడ్డానికి బాగోలేదు, ఒప్పుకుంటాను. కానీ అక్కడ హామ్లిన్ "పోనీలే, ఇదీ మన కారే కదా" అని తగ్గి ఉంటే సోమవారం గిబ్స్‌కు ఏం సమాధానం చెప్తాడు? 11వ కారు మీద పేరు వేయించుకున్న కంపెనీకి ఏం చెప్తాడు? జీతం తీసుకునే చోట ఓనర్‌గిరీ పనికిరాదు. వాలెస్‌కు కోపం రావడమూ న్యాయమే. ఇద్దరిదీ తప్పు లేని గొడవలు ఈ ఆటలో చాలా ఉంటాయి.

ఒంగోలు, నరసరావుపేట వైపు బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఇది తొందరగా తలకెక్కుతుంది. మైకులో పిలిచేది ఎడ్ల యజమాని పేరు, ఊరి పేరు. ఎడ్లను అదిలిస్తూ పరిగెత్తేవాడి పేరు ఎవరూ అడగరు. మొదటి బహుమతి ఫలానా వారి జ్ఞాపకార్థం ఇస్తున్నామన్న దాత పేరు మాత్రం గంటకోసారి చదువుతారు. నాస్కార్‌లో జనం నోట నలిగేది తోలేవాడి పేరు. దాత పేరు కారు నిండా ఉంటుంది. ఓనర్ పేరు అడిగితే గ్యాలరీలో చాలామంది తల గోక్కుంటారు. కానీ ఖాతా పుస్తకం తెరిస్తే ఒంగోలు పద్ధతే: బహుమతి సొమ్ము ఓనర్‌కు చేరుతుంది, అందులోంచి ఒప్పందం ప్రకారం డ్రైవర్ వాటా వెళుతుంది. పాయింట్లు కూడా రెండు రకాలు, డ్రైవర్‌వి వేరు, ఓనర్‌వి వేరు. 2015లో కైల్ బుష్ సీజన్ మొదట్లోనే కాలు విరగ్గొట్టుకొని 11 రేసులు ఆడలేదు. ఆ వారాల్లో 18వ కారు వేరేవాళ్ల చేతుల్లో తిరుగుతూనే ఉంది, ఓనర్ ఖాతాలో పాయింట్లు పడుతూనే ఉన్నాయి. బుష్ తిరిగొచ్చి ఆ ఏడాది చాంపియన్ కూడా అయ్యాడు, అది వేరే కథ.

మొదట్లో ఇన్ని పొరలు లేవు. 1949లో షార్లెట్‌లో జరిగిన మొదటి స్ట్రిక్ట్‌లీ స్టాక్ (అంటే మార్పులు చేయని మామూలు కార్ల) రేసులో ముందుగా గీత దాటింది గ్లెన్ డనవే. దొంగసారా మోయడానికి వెనక స్ప్రింగులు మార్చిన కారని తేల్చి అతన్ని పోటీలోంచి కొట్టేశారు, జిమ్ రోపర్‌ను విజేత అన్నారు. కోర్టుకెళ్లింది డనవే కాదు, కారు ఓనర్. ఓడిపోయాడు. ఓనర్ వర్సెస్ నాస్కార్ గొడవ మొదటి రేసు నుంచే ఉందన్నమాట.

ఆ రోజుల్లో చాలామంది తమ కారు తామే కొని, తామే రిపేరు చేసుకొని, తామే నడిపేవాళ్లు. వెండెల్ స్కాట్ అలాంటివాడు. 1963 డిసెంబర్‌లో జాక్సన్‌విల్‌లో గెలిచాడు, పై స్థాయి నాస్కార్ రేసు గెలిచిన మొదటి నల్లజాతి డ్రైవర్. ముందు ట్రోఫీ బక్ బేకర్ చేతికిచ్చేశారు, గెలిచింది స్కాట్ అని తర్వాత ఒప్పుకున్నారు. పెద్ద స్పాన్సర్ అతని దగ్గరికి ఎన్నడూ రాలేదు. అతని తర్వాత మరో నల్లజాతి డ్రైవర్ గెలవడానికి 2021 దాకా పట్టింది. టల్లడేగాలో గెలిచిన ఆ డ్రైవర్ బుబ్బా వాలెస్, ఆ కారు ఇందాక గోడకు తగిలిన 23వ నంబరే.

పెద్ద డబ్బు రావడానికి కారణం సిగరెట్లు. 1971 జనవరి నుంచి అమెరికాలో టీవీలో సిగరెట్ ప్రకటనలు నిషేధం. ఆర్.జె. రేనాల్డ్స్ కంపెనీ చేతిలో ప్రకటనల డబ్బు గుట్టలుగా మిగిలిపోయింది. జూనియర్ జాన్సన్ అనే ఓనర్, ఒకప్పుడు సారా కేసులో జైలుకెళ్లొచ్చిన మనిషి, తన ఒక్క కారుకు డబ్బు అడుగుదామని వెళ్లాడు. వాళ్ల దగ్గరున్నది ఒక కారుకు పట్టేంత డబ్బు కాదని అర్థమై, వాళ్లను నాస్కార్ వైపు పంపాడు. అలా పుట్టిందే విన్‌స్టన్ కప్, 2003 దాకా నడిచింది. విన్‌స్టన్ వాళ్ల సిగరెట్ పేరు. టీవీలో ప్రకటన వేయకూడదు కానీ పోటీ పేరే విన్‌స్టన్ అయితే కామెంటేటర్ పలకక తప్పుతుందా!

1972లో డ్రైవర్ రిచర్డ్ పెట్టీ దగ్గరికి ఇంజన్ ఆయిల్‌లో కలిపే మందు అమ్మే ఎస్టీపీ కంపెనీ వచ్చింది. కారంతా మా ఎరుపు రంగు వేయాలని వాళ్లు, మా ఇంటి నీలం వదలనని పెట్టీ. చివరికి సగం ఎరుపు, సగం నీలం. ఆ రెండు రంగుల కారు ఇప్పటికీ బొమ్మల కొట్లలో అమ్ముడవుతుంది. నా ఉద్యోగంలో రంగు గురించిన మీటింగుల్లో కూర్చున్నప్పుడల్లా ఇది గుర్తొచ్చేది. ఆ మాట పట్టుకుని నిలబడే బలం పెట్టీకి ఎక్కడిదంటే, డ్రైవరూ ఓనరు కుటుంబమూ ఒక్కటే కాబట్టి.

ఓనర్-డ్రైవర్ అంటే నాకు పెట్టీ కన్నా ముందు ఆలన్ కుల్వికి గుర్తొస్తాడు. విస్కాన్సిన్ నుంచి వచ్చిన ఇంజనీరింగ్ పట్టభద్రుడు. ఇంజనీరింగ్ చదివిన డ్రైవర్ అప్పట్లో వింత. జూనియర్ జాన్సన్ పిలిచి నా కారు నడుపు, 10 లక్షల డాలర్లిస్తానన్నాడు. కుల్వికి కాదన్నాడు. నా జట్టు నాదే అన్నాడు. అతను ఆశ పెట్టుకున్న మాక్స్‌వెల్ హౌస్ కాఫీ స్పాన్సర్‌షిప్ కాస్తా జాన్సన్ వైపు వెళ్లిపోయింది. 1991 సీజన్ స్పాన్సర్ లేకుండానే మొదలుపెట్టాడు. మార్చిలో అట్లాంటాలో హూటర్స్ హోటళ్ల పేరు రాసుకున్న వేరే కారొకటి క్వాలిఫై కాలేదు. అది ఆ కంపెనీ సొంత ఊరు, పిలిచిన అతిథులు వచ్చేశారు, చూపించడానికి కారు లేదు. పేరేమీ లేని తెల్లకారు ఒకటి కనబడితే వెళ్లి అడిగారు. అది కుల్వికిది. ఒక్క రేసుకని మొదలైన బేరం నిలబడిపోయింది.

1992లో ఆరు రేసులు మిగిలుండగా కుల్వికి 278 పాయింట్లు వెనకున్నాడు. చివరి రేసు మళ్లీ అట్లాంటాలోనే. పోటీ బిల్ ఎలియట్‌తో. ఎలియట్ ఓనర్ ఎవరనుకున్నారు, అదే జూనియర్ జాన్సన్. ఎలియట్ రేసు గెలిచాడు, కుల్వికి రెండోవాడు, కానీ అందరికన్నా ఎక్కువ ల్యాపులు ముందున్నవాడికి 5 పాయింట్లు అదనం. కుల్వికి 103 ల్యాపులు, ఎలియట్ 102. టైటిల్ తేడా 10 పాయింట్లు. ఒక్క ల్యాప్ అటు పోయుంటే ఇద్దరూ సమానమై, ఎక్కువ రేసులు గెలిచిన ఎలియట్ చాంపియన్ అయ్యేవాడు. ఎన్ని ల్యాపులు ముందుండాలో లెక్కగట్టి మరీ ఆడిన రేసు అది. లెక్కలు కట్టి బతికినవాణ్ని కదా, నాకు అంతకన్నా అందమైన రేసు లేదు. అయిదు నెలలు తిరగకుండానే, 1993 ఏప్రిల్ 1న, హూటర్స్ కంపెనీ విమానం కూలి కుల్వికి పోయాడు. బ్రిస్టల్ రేసుకు వెళ్తున్నాడు. ఓనరూ డ్రైవరూ ఒక్కరే అయితే ఉండే చిక్కు అదే: మనిషి పోతే సీటుతోపాటు జట్టూ ఖాళీ అవుతుంది. కొన్ని నెలలకే ఆ జట్టును వేరేవాళ్లు కొనుక్కున్నారు.

ఆ తర్వాత సొంత జట్టుతో చాంపియన్ అయినవాడు టోనీ స్టీవర్ట్, 2011లో. కానీ దాని పద్ధతి వేరు. జీన్ హాస్ అనే యంత్రాల తయారీదారు దగ్గర వెనకబడిన జట్టు ఉంది. స్టీవర్ట్‌ను సగం వాటా చేతిలో పెట్టి పిలిచాడు. ధర్మబుద్ధితో కాదు లెండి. స్టీవర్ట్ వస్తే ఆఫీస్ డిపో, ఓల్డ్ స్పైస్ లాంటి పేర్లు కారు మీదకొస్తాయి. సగం పోగొట్టుకున్నా మిగిలిన సగం విలువ మొదటి మొత్తం కన్నా పెరుగుతుంది. మన సినిమావాళ్లు హీరోకు రెమ్యూనరేషన్ బదులు ఏరియా హక్కులు రాసివ్వడం లాంటిదే. బ్రాడ్ కెసెలౌస్కీ పెన్స్కీ జట్టు వదిలి 2022 నుంచి రౌష్ ఫెన్‌వేలో వాటాదారుగా వెళ్లిందీ ఈ దారిలోనే.

ఇక డబ్బు. 23ఎలెవన్, ఫ్రంట్ రో జట్లు నాస్కార్ మీద వేసిన కేసు 2025 డిసెంబర్‌లో షార్లెట్‌లో విచారణకు వచ్చినప్పుడు హామ్లిన్ బోనెక్కి చెప్పిన లెక్క: ఒక్క కారును ఏడాదంతా పరిగెత్తించడానికి 2 కోట్ల డాలర్లు. 2025 నుంచి అమల్లోకొచ్చిన ఒప్పందం ప్రకారం నాస్కార్ నుంచి ఒక్కో కారుకు ఖాయంగా వచ్చేది సుమారు 1 కోటి 25 లక్షలు. అంతకుముందు 90 లక్షలే. మధ్యలో ఉన్న గుంత ఎవరు పూడ్చాలి? స్పాన్సర్. పూడ్చకపోతే ఓనర్ జేబు. ఫ్రంట్ రో ఓనర్ బాబ్ జెంకిన్స్ హోటళ్ల వ్యాపారి. 2021లో డేటోనా 500 గెలిచిన ఓనర్ ఆయన. అయినా ఒక్క ఏడాదీ లాభం చూడలేదని అదే కోర్టులో చెప్పాడు.

స్పాన్సర్ ఎంతిస్తాడు? ఎవరూ బయటపెట్టరు. ఒప్పందాలన్నీ గోప్యమే. కోర్టుకెక్కినప్పుడే అంకెలు బయటికొస్తాయి. 2017లో స్టీవర్ట్-హాస్ జట్టు నేచర్స్ బేకరీ అనే తినుబండారాల కంపెనీ మీద కేసు వేసింది. డానికా పాట్రిక్ కారు మీద ఏడాదికి 28 రేసులకు 1 కోటి 52 లక్షల డాలర్లని ఒప్పందం, మొదటి ఏడాదయ్యాక కంపెనీ తప్పుకుంది. రేసుకు 5 లక్షల 40 వేల పైచిలుకు. డానికా పోటీ కంపెనీల సరుకును ప్రచారం చేసిందని కంపెనీ వాదన, డబ్బు కట్టలేక నెపం వెతుకుతున్నారని జట్టు వాదన. కొన్ని నెలలకు రాజీ పడ్డారు. నా మాటగా చెప్పాలంటే, చిన్న కంపెనీ మొత్తం సీజన్‌కు సంతకం పెడుతోందంటే రెండు వైపులా జాగ్రత్తపడాలి.

ఇంత డబ్బు పెట్టి వాళ్లకు దక్కేదేంటి? బయటివాళ్లు టీవీలో లోగో అనుకుంటారు. మేం లెక్కపెట్టినదీ అదే, కానీ ఆ లెక్క ఎంత విచిత్రమో చెప్తాను. ఒకసారి మా క్లయింటు కారు మూడో ల్యాప్‌లోనే గుద్దుకొని ఆగిపోయింది. ఆ వారం లోగో కనబడిన సెకన్లు అంతకుముందు నెలంతా కలిపి వచ్చినదానికన్నా ఎక్కువ! రీప్లే మీద రీప్లే వేశారు మరి. బానెట్ మీద నలిగిన పేరుకు నేను రూపాయి తగ్గకుండా విలువ కట్టి రిపోర్టు పంపాను. అవతల మార్కెటింగ్ ఆవిడ ఫోన్ చేసి "ఇది మా బాస్‌కు ఏ ముఖంతో చూపించను?" అంది. సమాధానం నా దగ్గర లేదు.

అసలు లాభం చాలాసార్లు తెర వెనక ఉంటుంది. రిక్ హెండ్రిక్‌ను చూడండి. 1984లో జట్టు మొదలుపెట్టేనాటికి స్పాన్సర్ లేడు. మార్టిన్స్‌విల్‌లో జెఫ్ బోడైన్ గెలవకపోతే మూసేసేవాడినని ఆయనే చెప్పుకున్నాడు. ఆయన అసలు వ్యాపారం కార్ల షోరూములు. షోరూములుంటే రిపేరు షెడ్లుంటాయి, షెడ్లకు పెయింటు కావాలి. 24వ కారు మీద 1992 నుంచి డ్యూపాంట్, ఆ పెయింట్ల వ్యాపారం చేతులు మారాక అదే చోట యాక్సాల్టా. అంతకాలం ఒక స్పాన్సర్ నిలిచాడంటే జెఫ్ గార్డన్ 93 రేసులు గెలవడం ఒక కారణం, కారు ఓనరే పెద్ద ఖాతాదారు కావడం ఇంకో కారణం. స్పాన్సర్ కోసం తిరిగే కుర్రవాళ్లకు నేనెప్పుడూ చెప్పేది ఇదే: మీ ల్యాప్ టైములు వాళ్లకు అక్కర్లేదు, మీవల్ల వాళ్ల సరుకు ఎవరు కొంటారో చెప్పండి.

ఎన్నేళ్ల బంధమైనా తెగేటప్పుడు ఒక్క ప్రకటనతో తెగుతుంది. మా పక్కూరు మూర్స్‌విల్‌లోనే లోస్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఉంది. జిమ్మీ జాన్సన్ ఏడుసార్లు చాంపియన్ అయింది ఆ పేరుతోనే, లోస్ వాళ్లు 2018 చివర్లో వెళ్లిపోయారు. ఎం అండ్ ఎమ్స్ చాక్లెట్ల మార్స్ కంపెనీ 2022తో ఆపేస్తే గిబ్స్ దగ్గర కైల్ బుష్ లాంటివాడి సీటే ఎగిరిపోయింది. రెండు టైటిళ్ల చాంపియన్ వేరే జట్టు వెతుక్కోవాల్సి వచ్చింది. ఫెడెక్స్ దాదాపు ఇరవై ఏళ్లు హామ్లిన్ మీద ఉండి 2024తో తప్పుకుంది. ఇవేవీ డ్రైవర్ సరిగ్గా నడపకపోవడం వల్ల జరగలేదు. కంపెనీలో మార్కెటింగ్ పెద్ద మారితే చాలు. కొత్తగా వచ్చినవాళ్లు ముందువాళ్ల ఖర్చును తమ ఖర్చుగా ఎప్పుడూ ఒప్పుకోరు.

అందుకు తిరగబడిన ఉదాహరణ కైల్ లార్సన్. 2020 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ రేసులో జాతి దూషణ మాట అన్నాడు, అది ప్రసారంలో వినబడింది. స్పాన్సర్లు పోయారు, రోజుల్లో ఉద్యోగం పోయింది. మరుసటి ఏడాదికి హెండ్రిక్ పిలిచాడు. కారు మీద పేరు రాయడానికి ఏ కంపెనీ సిద్ధంగా లేకపోతే తన షోరూముల వెబ్‌సైట్ పేరే రాయించాడు. లార్సన్ ఆ ఏడాది 10 రేసులు గెలిచి చాంపియన్ అయ్యాడు, వెబ్‌సైట్‌కు రద్దీ పెరిగింది. ఓనర్ తనకు తానే స్పాన్సర్! ఇది అందరికీ కుదరదు, అన్ని షోరూములున్న ఓనర్‌కే కుదురుతుంది.

నాకు ఇష్టమైన కథ మాత్రం రాస్ చాస్టెయిన్‌ది. ఫ్లోరిడాలో ఎనిమిది తరాలుగా పుచ్చకాయలు పండించే కుటుంబం. ఏళ్లతరబడి చివరి వరసలో నడిచే కార్లు నడిపాడు. 2018లో డీసీ సోలార్ అనే కంపెనీ డబ్బుతో చిప్ గనాసీ అనే ఓనర్ రెండో స్థాయి సిరీస్‌లో మంచి కారిచ్చి మూడు రేసులకు అవకాశమిచ్చాడు, లాస్ వేగస్‌లో గెలిచాడు. 2019కి పూర్తి సీజన్ అని ప్రకటించారు. డిసెంబర్‌లో ఎఫ్‌బీఐ వాళ్లు డీసీ సోలార్ ఆఫీసుల మీద పడ్డారు. దాదాపు 100 కోట్ల డాలర్ల మోసం, లేని జనరేటర్లను ఉన్నట్టు చూపించి కొత్తవాడి డబ్బుతో పాతవాడికి చెల్లించే చీటీపాట బాపతు. అధిపతికి తర్వాత 30 ఏళ్ల శిక్ష పడింది. స్పాన్సర్ పోయేసరికి గనాసీ ఆ విభాగాన్నే మూసేశాడు. చాస్టెయిన్ మళ్లీ దొరికిన బండల్లా నడిపాడు. ఇప్పుడు ట్రాక్‌హౌస్ జట్టులో ఉన్నాడు, గెలిస్తే కారెక్కి పుచ్చకాయను నేలకేసి కొడతాడు. కెవిన్ హార్విక్ రిటైరయ్యాక బుష్ బీర్ స్టీవర్ట్-హాస్‌ను వదిలి వచ్చింది ఇతని దగ్గరికే. ఇటు పుచ్చకాయ నవ్వుతుంటే అటు స్టీవర్ట్-హాస్ 2024 చివర్లో మూతపడింది. ఒకరి కారు మీద పేరు దిగితేనే ఇంకొకరి మీదకు ఎక్కుతుంది.

చాంపియన్ జట్టు మూతపడటం నిజమే. ఫర్నిచర్ రో రేసింగ్. అందరూ షార్లెట్ చుట్టూ ఉంటే వాళ్లు డెన్వర్‌లో ఉండేవాళ్లు. 2017లో మార్టిన్ ట్రూయెక్స్ జూనియర్‌తో టైటిల్. 2018లో ఫైవ్ అవర్ ఎనర్జీ స్పాన్సర్‌షిప్ ఆపేస్తానంది, గిబ్స్ దగ్గర్నుంచి కొనే సాంకేతిక సాయం ఖరీదు పెరిగింది, ఓనర్ బార్నీ విసర్ సీజన్ చివర దుకాణం కట్టేశాడు. వాళ్ల చార్టర్ 60 లక్షల డాలర్ల చుట్టూ అమ్ముడైందని అప్పట్లో వార్తలు. కొన్నది స్పైర్ అనే జట్టు.

చార్టర్ అంటే ప్రతి రేసులో స్టార్ట్ అయ్యే హక్కు. 2016లో వచ్చింది, మొత్తం 36. అంతకుముందు ఓనర్ చేతిలో ఉన్నదల్లా కార్లు, పనిముట్లు, అప్పులు. జట్టు మూసేస్తే పాత ఇనుము రేటే. చార్టర్ వచ్చాక అమ్ముకోవడానికి ఒక కాగితం దొరికింది. ఆర్టీసీ బస్టాండ్ దగ్గర షెడ్డు ఉన్నవాడికీ, షెడ్డుతోపాటు రూటు పర్మిట్ ఉన్నవాడికీ ఉన్నంత తేడా. ధరలు చూడండి. 2018లో దివాలా తీసిన బీకే రేసింగ్ ఆస్తులు చార్టర్‌తో సహా 20 లక్షల 80 వేలకు పోయాయి. 23ఎలెవన్ మొదటిది 47 లక్షలకు, రెండోది 1 కోటి 35 లక్షలకు, మూడోది స్టీవర్ట్-హాస్ మూతపడేటప్పుడు 2 కోట్ల 80 లక్షలకు కొన్నది. మధ్యలో 2023లో స్పైర్ ఒకదానికి 4 కోట్ల దాకా పెట్టిందని వార్తలొచ్చాయి. విసర్ కొన్నేళ్లు ఓపిక పట్టి ఉంటే అని అందరూ అంటారు. నెలనెలా జీతాలివ్వాల్సినవాడికి ఓపిక ఎంత ఖరీదో అనేవాళ్లకు తెలీదు.

చిక్కేంటంటే ఆ కాగితానికి గడువుండేది. శాశ్వతం చేయమని ఓనర్లు, కుదరదని నాస్కార్. నాస్కార్ ఫ్రాన్స్ అనే ఇంటిపేరున్న అమెరికా కుటుంబం సొత్తు, 1948 నుంచీ. 2024 సెప్టెంబర్‌లో కొత్త ఒప్పందం ఇచ్చినప్పుడు మిగతావాళ్లు సంతకం పెట్టారు, 23ఎలెవన్, ఫ్రంట్ రో పెట్టకుండా కోర్టుకెళ్లాయి. టీవీ హక్కులు 2025 నుంచి ఏడేళ్లకు 770 కోట్ల డాలర్లు, మా వాటా ఎంత అని. విచారణ తొమ్మిదో రోజున, 2025 డిసెంబర్ 11న, రాజీ కుదిరింది. చార్టర్లు ఇక శాశ్వతం. 1961లో డ్రైవర్ల యూనియన్ పెట్టబోయిన కర్టిస్ టర్నర్‌ను జీవితాంతం బహిష్కరించిన సంస్థ ఇది (నాలుగేళ్లకు మళ్లీ రానిచ్చారనుకోండి). ఇంతదూరం దిగొచ్చిందంటే అవతలున్నది జోర్డాన్ కావడం కూడా ఒక కారణమని నా అనుమానం. ఆయన సంపాదన ఈ ఆట మీద ఆధారపడి లేదు.

ఒక సంగతి గమనించండి. ఈ రాజీలో డ్రైవర్ల గురించి ఏమీ లేదు. చార్టర్ ఓనర్‌ది. డ్రైవర్‌ది ఒప్పందం కాలం మాత్రమే. హామ్లిన్ గుద్దిన గుద్దుకు అతనికి ఓనర్‌గా నష్టం ఎంత, డ్రైవర్‌గా లాభం ఎంత అని ఆ రాత్రి అతను లెక్కేసుకునే ఉంటాడు.

మనవాళ్ల సంగతి. నారాయణ్ కార్తికేయన్ 2010లో నాస్కార్ పికప్ ట్రక్కుల పోటీ అయిన ట్రక్ సిరీస్‌లో వైలర్ రేసింగ్ తరఫున 60వ నంబరు ట్రక్కు నడిపాడు. మార్టిన్స్‌విల్‌లో తొలి రేసులోనే 13వ స్థానం. ఆ ఏడాది అభిమానుల ఓట్లతో ఆ సిరీస్‌లో మోస్ట్ పాపులర్ డ్రైవర్ అవార్డు కూడా అతనికే వచ్చింది, మనవాళ్ల ఓటింగ్ సంగతి తెలిసిందేగా! కానీ ఆ ఓట్లు వేసినవాళ్లలో ఇక్కడ ట్రక్కుల టైర్లు కొనేవాళ్లు ఎందరు? స్పాన్సర్ అడిగే ప్రశ్న అదే. ఒక్క సీజన్‌తో ఆగిపోయింది.

మీ అబ్బాయికో తమ్ముడికో అయితే డ్రైవర్ సీటు కన్నా ఇంజనీర్ కుర్చీ దగ్గరి దారి. షార్లెట్‌లోని యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినాలో మోటార్‌స్పోర్ట్స్ ఇంజనీరింగ్ చదువు ఉంది, జట్ల వర్క్‌షాపులు అరగంట దూరంలో ఉంటాయి. 2022లో నెక్స్ట్ జెన్ కారు వచ్చాక విడిభాగాలు చాలావరకు అందరికీ ఒకే సరఫరాదారుల నుంచి వస్తున్నాయి కాబట్టి, తేడా చూపించేది సిమ్యులేషన్, డేటా పని. మనవాళ్లకు చేతనైనది అదే. అయితే అక్కడ కావలసిన స్పాన్సర్ వేరే, వీసా స్పాన్సర్. చిన్న జట్లు ఆ మాటెత్తితే ఫోన్ పెట్టేస్తాయి. తయారీ కంపెనీల రేసింగ్ విభాగాలను, పెద్ద జట్లను ముందు అడగమనండి. ఇంటర్న్‌షిప్‌కు వేసవి దాకా ఆగొద్దు, సీజన్ నవంబర్‌లో అయిపోతుంది, మనుషుల్ని మార్చుకునేది అప్పుడే.